సీలు వేసిన గది

ఇకితోస్,
2023 మార్చి 6

దెల్మీరా వదినా,

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి లాంచీలోంచి పదకొండు పెట్టెలు దిగి ఉంటాయి. కంగారు పడకు, సామానుతో సహా నీ నెత్తిన కాపురం పెట్టడానికి రావడం లేదు. పోయిన ఏడాది మీ ఆరోగ్య కేంద్రం వెనక కొత్త గది కట్టారు చూడు, ఇవన్నీ దానికోసం. ఆక్సిజన్ మిషను, సోలార్ పలకలు, నాలుగు బ్యాటరీలు, టీకాల ఫ్రిజ్, వేలికి తగిలించే మీటర్లు, మాస్కులు, గౌన్లు. వెంట ఒక మెకానిక్ వస్తాడు. రెండు రోజుల్లో అన్నీ బిగించి, గదికి తాళం వేసి, తాళానికి నంబరున్న సీసపు సీలు వేసి వెళతాడు. మీది పద్నాలుగు. చుట్టుపక్కల నదుల మీద ఇలాంటి గదులు మొత్తం పంతొమ్మిది.

ఆ సీలు మాత్రం ముట్టుకోకు. మళ్ళీ మహమ్మారి వచ్చిందని మేం రేడియోలో చెప్పిన రోజునే తెంచాలి. ఈ నియమం రాసింది ఎవరో కాదు, నేనే. గోదాములో మందులు సర్దుకునే ఫార్మసిస్టు మాట మా ఆఫీసు పెద్ద ఇంజనీరుగారు వినడం ఇదే మొదటిసారి.

ఎందుకు రాశానో నీకు చెప్పనక్కర్లేదు. మూడేళ్ళ కిందట, మహమ్మారి వచ్చిన ఆ మే నెలలో ఊళ్ళో ఒక్క సిలిండరు దొరకలేదు. మందులు పట్టుకెళదామని వచ్చిన అన్నయ్య నా ఇంట్లోనే ఇరుక్కుపోయాడు, నదులు మూసేసి నిన్ను రానివ్వలేదు. ఆఖరి పొద్దున అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనే కదా. ఇంకెవరి చెల్లెలూ అలా కూర్చోకూడదు. ఎవరూ ముట్టుకోని మిషను ఒకటి పంతొమ్మిది చోట్లయినా ఉండాలి.

జవాబు రేడియోలో చెప్పకు. పోయినసారి నా కాలి ఆనె గురించి అడిగావు, తీగ్రే నది మొత్తం విని నెల రోజులు చిట్కాలు పంపింది. లాంచీలో వంట చేసే పూరా చేతికివ్వు. ఆవిడ విప్పి చదవదు, చదవడం రాదు కాబట్టి.

ఇక్కడ ఇద్దరికి సరిపడా అన్నం వండే అలవాటు ఇంకా పోలేదు. మిగిలింది మర్నాడు తింటున్నాను. పొగపెట్టిన చేపలు లేకుండా వట్టి కాగితం పంపావంటే ఊరుకోను.

నీ ఆడపడుచు
ఓతీలియా

*

సాంతా రూఫీనా,
మార్చి 29

ఓతీలియా,

చేపలు పన్నెండు పంపాను. పూరా చేతికిచ్చేటప్పుడు పన్నెండే. నీ దగ్గరికి ఎన్ని వస్తాయో ఆవిడ ఆకలిని బట్టి ఉంటుంది.

గది బాగుంది. మరీ బాగుంది. ఊళ్ళోవాళ్ళు దానికి దొరసాని గది అని పేరు పెట్టారు. పొద్దున్నే నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు "దొరసాని ఎప్పుడొస్తుందే దెల్మీరా?" అని అడుగుతున్నారు. "రాకూడదనే మొక్కుకోండి" అన్నాను. నవ్వారు కానీ ఆ నవ్వులో కొంచెం ఎత్తిపొడుపు ఉంది. ఎందుకుండదు చెప్పు. మంగళవారం ఒక కాన్పు చేశాను. టార్చిలైటు పళ్ళ మధ్య పట్టుకుని. గోడకి అవతలే నాలుగు బల్బులు వెలగడానికి సిద్ధంగా ఉన్నాయి. బిడ్డ తల్లి గోడ వంక చూసింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఆ ఫ్రిజ్ ఒక్కటీ వాడుకోనీ. టీకాలు ఐసుపెట్టెలో వస్తాయి, మూడో రోజుకి ఐసు నీళ్ళవుతుంది. ఆ మూడు రోజుల్లో ఆరు ఊళ్ళు తిరగాలి. వాన పడితే రెండు ఊళ్ళే అవుతాయి, మిగిలిన టీకాలు పారబోస్తాను. ఈ నది మీద ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ వైద్యం కార్డు ఉంది, ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం వెనక దాచుకుంటారు. ఆ కార్డు చూపిస్తే ఇవ్వడానికి నా దగ్గర జ్వరం బిళ్ళలు ఉన్నాయి. ఇంకేం ఉన్నాయో నీకే తెలుసు, పంపేది నువ్వే కాబట్టి.

నది నిండుగా ఉంది. మెట్లు మూడే మిగిలాయి. రోగులు రాని రోజున నా గొంతు నాకే వినపడదు. సాయంత్రాలు కోడిపెట్టని తిడుతున్నాను, అదైనా జవాబు చెబుతుందని.

వదిన
దెల్మీరా

*

ఇకితోస్,
ఏప్రిల్ 20

వదినా,

చేపలు తొమ్మిది వచ్చాయి.

ఫ్రిజ్ కుదరదు. కోప్పడకు, నా మాట విను. ఇవాళ ఫ్రిజ్ అంటావు, రేపు బల్బు అంటావు, ఎల్లుండి ఎవరికో దగ్గు వస్తే మిషను అంటావు. పంతొమ్మిది చోట్లా అంతే. రెండేళ్ళకి బ్యాటరీలు అరిగిపోతాయి, గొట్టాలు చిరిగిపోతాయి. అప్పుడు నిజంగా ఆ గడియ వస్తే? మళ్ళీ అదే వరస, అదే "అయిపోయిందమ్మా". ఆ వరసలో నిలబడ్డదాన్ని అడుగు, అయిపోయింది అన్న మాట ఎలా ఉంటుందో.

దీంతో పాటు కాగితాల కట్ట పంపుతున్నాను. ప్రతి సోమవారం జ్వరాలు, దగ్గులు, విరేచనాలు ఎన్నెన్ని వచ్చాయో రాసి రేడియోలో చెప్పాలి. ఎక్కడైనా హఠాత్తుగా పెరిగితే మాకు ముందే తెలుస్తుంది. ఇది పెద్ద పని వదినా. నువ్వు మా కన్నువి అనుకో.

కోడిపెట్ట ఏమంది?

ఓతీలియా

*

సాంతా రూఫీనా,
జూన్ 2

ఓతీలియా,

నది తీసింది. గట్టు మీద బురద ఎండుతోంది, పచ్చి అరటి నాటుతున్నారు.

సోమవారం కాగితాల్లో సున్నాలు వేస్తున్నాను. మా దగ్గర పరిస్థితి బాగుందని ఇంజనీరుగారు మెచ్చుకున్నారట, రేడియోలో చెప్పారు. జ్వరాలు లేక సున్నాలు కావు అవి. నా దగ్గరికి ఎవరూ రాక. బిళ్ళలు ఇంట్లోనే ఉన్నాయి, ఆకు పసరు పక్కింట్లో ఉంది, మూడు గంటలు తెడ్డు వేసుకుంటూ నా ముఖం చూడ్డానికి ఎందుకొస్తారు? నేను నీ కన్నునే. మూసుకుపోయిన కన్నుని.

ఇప్పుడు రాయవలసింది రాస్తాను.

మే 30, మంగళవారం, పొద్దున పదింటికి రోసౌరా వచ్చింది. పై ఊరి పిల్ల, పంతొమ్మిదేళ్ళుంటాయి. చంకలో ఎనిమిది నెలల ఆడపిల్ల, పేరు ఫ్లోర్. నాలుగు రోజులు ఇంట్లోనే ఏవేవో చేసి, ఇక లాభం లేదని తెచ్చింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. పెదాలు నల్లబడ్డాయి. సూది మందు ఇచ్చాను. పెద్దాసుపత్రి పడవని పిలిచాను, అది వేరే నది మీద ఉందన్నారు. అప్పుడు సీలు తెంచడానికి అనుమతి అడిగాను. రేడియోలో ఎవరో కుర్రగొంతు. "ఇది మహమ్మారి కేసు కాదు కదండీ, నియమం చూసి చెబుతాం, లైన్లోనే ఉండండి" అన్నాడు. ఉన్నాను. ఒంటిగంటకి అనుమతి ఇంకా రాలేదు. ఒంటిగంటన్నరకి దాని అవసరం తీరిపోయింది.

రోసౌరా ఏడవలేదు. "ఆ గదిలో ఏముందక్కా?" అని అడిగింది. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ అడిగింది కదా.

సీలు తీగ తెంచే పటకారు నా చేతిలోనే ఉంది ఓతీలియా. పొద్దున్నుంచీ ఉంది.

నీ సీలు చెక్కుచెదరలేదు. పద్నాలుగో నంబరు అలాగే ఉంది.

దెల్మీరా

*

ఇకితోస్,
జూన్ 4

వదినా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, కబురు మాత్రం ఉంది. పూరా చెప్పింది. "మీ వదిన ఇంటి దండెం మీద మగాడి చొక్కాలు ఆరేసి ఉన్నాయమ్మోయ్, ఒకటి కాదు, నాలుగు!" అని గోదాము గుమ్మంలో నిలబడి, పదిమంది వినేలా. గోదాములో పనిచేసే కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు.

మూడేళ్ళయింది. నీకు నలభై నాలుగు. తప్పని ఎవరూ అనరు, నేను అసలు అనను. ఎవరో చెప్పు చాలు. పడవల మెకానిక్కా? బడి పంతులా? మంచివాడైతే సంతోషం. లాంచీ వంటామె నోటినుంచి కాకుండా నీ నోటినుంచి వినాలని ఉండేది, అంతే.

అబద్ధం రాశాను. కోపంగా ఉంది. ఇంట్లో అన్నయ్య పేరెత్తడానికి నాకు ఇంకో మనిషి లేదు. నువ్వు కూడా ఎత్తడం మానేస్తే ఆ పేరు నా ఒక్కదాని దగ్గరే మిగులుతుంది.

ఓతీలియా

*

ఇకితోస్,
జూన్ 23

వదినా,

నీ జూన్ 2 ఉత్తరం నిన్న వచ్చింది. నేను రాసిన చొక్కాల ఉత్తరం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. దాన్ని వెనక్కి లాక్కోగలిగితే లాక్కునేదాన్ని.

ఆ రోజు రేడియో దగ్గర నేను లేను. నౌతాకి మందులు దించడానికి వెళ్ళాను. ఉంటే ఏం చెప్పేదాన్నని అడగకు.

"నీ సీలు చెక్కుచెదరలేదు" అని రాశావు. నీ మాటలెప్పుడూ ఇలాగే, మెత్తగా ఉంటాయి, లోపల ముల్లు ఉంటుంది. ఆ పిల్లని నేను చంపానంటున్నావు. అను. కానీ ఒక్కటి చెప్పు, ఒక్కచోట తెంచితే ఇక ఎక్కడ ఆగుతుంది? పిల్లలు ప్రతి ఏడాదీ పోతున్నారు వదినా, దగ్గుతో, విరేచనాలతో. అది మనకి అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్కసారి వస్తే ఊరే పోతుంది. నేను దానికోసం దాస్తున్నాను. రాసిన తర్వాత చదివితే ఈ మాటలు నాకే బాగా లేవు. అయినా కొట్టెయ్యను.

రేపు సాన్ హువాన్ పండుగ. ఆకుల్లో అన్నం పొట్లాలు కట్టాను. నీకు పంపడానికి చెయ్యి రాలేదు.

ఓతీలియా

*

సాంతా రూఫీనా,
జూలై 19

ఓతీలియా,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందో తారీఖు చూస్తే గానీ తెలియలేదు.

ముందు చొక్కాలు. అవి మీ అన్నయ్యవే. మా దగ్గర తేమ ఎలాంటిదో నీకు తెలుసు, నెలకోసారి ఉతికి ఎండలో వెయ్యకపోతే బూజు పడుతుంది. మొత్తం ఏడు. ఎవరికైనా ఇచ్చెయ్యమని అందరూ అంటారు. ఆయన పొడుగుకి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. సాకు చెబుతున్నానని నాకు తెలుసు. ఉతుకుతాను, ఆరేస్తాను, మడత పెడతాను. పూరాకి ఇదంతా చెప్పకు, నవ్వుతుంది. మెకానిక్ అనుకుంటేనే నయం.

రెండోది. ఆ పిల్లని నువ్వు చంపావని నేను రాయలేదు. నా మీద రాసుకున్నాను. పటకారు ఉన్న చెయ్యి నాది. నువ్వు దాన్ని నీమీదకి లాక్కున్నావు. ఇద్దరం ఒకే మొద్దులం.

మూడోది నీకు రేడియోలో తెలిసే ఉంటుంది, నేనే చెప్పాను కాబట్టి. జూలై 11న నెలీదా కూతురు మిలుస్కాని తెచ్చారు. మూడేళ్ళది, అదే ఊపిరి, అవే పక్కటెముకలు. ఈసారి ముందు రేడియో పట్టుకోలేదు. సీలు తెంచాను. చిన్న తీగ, టుక్కుమని తెగింది. అంతేనా అనిపించింది. ఫ్లోర్ గుర్తొచ్చింది.

లోపల చూద్దును కదా, నాలుగు బ్యాటరీల్లో రెండు ఉబ్బి పగిలి ఉన్నాయి. ఎవరూ వాడలేదు. వాడకపోబట్టే చచ్చాయి. మంచాన పడుకోబెట్టిన మనిషికి కాళ్ళు పడిపోయినట్టు. గొట్టం ఒకచోట చీమలు కొరికేశాయి, కత్తిరించి అతికించాను. మిగిలిన రెండింటితో, ఎండ పుణ్యమా అని, మిషను నడిచింది. రెండు రోజులు. మూడో రోజు మిలుస్కా నా కోడిపెట్టని తరుముతోంది.

నువ్వు అడిగావు, ఒకచోట తెంచితే ఎక్కడ ఆగుతుందని. ఆగకూడదు ఓతీలియా. ఆ మిషను నాకు రోజూ చేతిలో ఆడుతుంటేనే పెద్ద గడియ వచ్చినప్పుడు చేతులు వణక్కుండా బిగించగలను. నాకు ఆ రోజు స్విచ్చి ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది. అదే మహమ్మారి అయితే?

గది ఇక మూయను. పై అధికారులకి ఏం రాసుకుంటావో రాసుకో.

దెల్మీరా

*

ఇకితోస్,
ఆగస్టు 8

వదినా,

రాసుకున్నాను. నీమీద ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టింది నేనే. నువ్వు రేడియోలో చెప్పిన మూడో రోజున, జూలై 14న. ఇంజనీరుగారు కాగితం నా ముందు పెట్టి "నియమం నీది, వదిన నీది, నువ్వే చూసుకో" అన్నారు. నీ ఉత్తరం ఆగస్టు 2న వచ్చింది. చొక్కాల సంగతి ముందే తెలిసి ఉంటే సంతకం పెట్టేదాన్ని కాదా? పెట్టేదాన్నే. అంత కోపంగా మాత్రం పెట్టేదాన్ని కాదు.

సెప్టెంబరు ఆఖరున నిన్ను ఇక్కడికి పిలిపించి విచారిస్తారు. ఉద్యోగం పోవచ్చు. ఇప్పటికి అంతే తెలుసు.

బ్యాటరీల మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మిగతా పద్దెనిమిది చోట్లకీ రేడియోలో అడిగాను. సీలు ముట్టుకోవద్దు, కిటికీలోంచి గోడ మీద మీటరు చూసి ఏ రంగు దీపం వెలుగుతోందో చెప్పండి అన్నాను. ఒక్కొక్కరూ చెబుతుంటే రాసుకున్నాను. పదకొండు చోట్ల ఎరుపు. రెండు చోట్ల అసలు దీపమే లేదు.

అవన్నీ నేను కాపాడుతున్నాననుకున్నవి వదినా.

ఇంకా ఎవరికీ చూపించలేదు. కాగితం నా సంచిలోనే ఉంది. చూపిస్తే తప్పు నామీదకే వస్తుంది, ఈ నియమం రాసినది నేనే.

ఓతీలియా

*

సాంతా రూఫీనా,
సెప్టెంబరు 17

ఓతీలియా,

నది బాగా ఎండింది, లాంచీ సగం దారిలోనే ఆగిపోతోంది. కట్టెలు తీసుకెళ్ళే చిన్న పడవ వాళ్ళకి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ముఖ్యమైనది రేడియోలో చెప్పేశాను, ఇందులో మిగతాది.

గదిలో దీపం వెలుగుతోందని తెలిసి జనం రావడం మొదలుపెట్టారు. కాన్పులకి, గాయాలకి, ఊరికే ఊపిరి చూపించుకోవడానికి. ముసలాళ్ళకి వేలి మీటరంటే మహా సరదా. "నాకెంత, నాకెంత?" అని పోటీ. సోమవారం కాగితంలో సున్నాలు పోయాయి. తొమ్మిది, పద్నాలుగు, ఇరవై మూడు. మీ ఆఫీసులో ఇంత పెరిగిందేమని కంగారు పడ్డారట. పెరిగింది జబ్బు కాదు, నాకు కనబడటం.

పోయిన వారం బెయావిస్తా నుంచి మూడు కుటుంబాలు వచ్చాయి. నదికి బాగా పైన, అడవి లోపలి ఊరు. పదకొండేళ్ళలో ఆ ఊరివాళ్ళు నా గుమ్మం ఎక్కడం ఇదే మొదటిసారి. ముగ్గురు పిల్లలకి ఒకే దగ్గు. దగ్గి దగ్గి ముఖం ఎర్రబడి, చివర కూత పెట్టినట్టు ఊపిరి లాగుతున్నారు. కోరింత దగ్గు. చిన్నప్పుడు మా అమ్మ చెబితే విన్నాను, కళ్ళారా చూడలేదు. మర్నాటికి ఇంకో ఆరుగురు. ఫ్రిజ్‌లో అరవై టీకాలు ఉన్నాయి కాబట్టి ఆ రోజే వెయ్యడం మొదలెట్టాను. అయిపోయాయి. మందు కూడా రెండు రోజుల్లో అయిపోతుంది. ఇది ఇంకా పెద్దది కాలేదు. ఇప్పుడే పంపండి.

విచారణకి రాలేను. ఉద్యోగం తీసెయ్యదలుచుకుంటే ఈ దగ్గు తగ్గాక తియ్యమను.

సంతకం పెట్టినందుకు నీమీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. తర్వాత చూసుకుందాం.

దెల్మీరా

*

ఇకితోస్,
అక్టోబరు 15

వదినా,

ఇల్లు చేరాను. లాంచీ ఆగిన చోటు నుంచి నీ దగ్గరికి రెండు రోజులు పట్టింది, తిరుగు దారిలో మూడు. టీకాల పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను కదా, నడుము ఇంకా వంగడం లేదు.

నాలుగు రోజులు నీ ఇంట్లో ఉన్నాను. రోజుకి రెండు ఊళ్ళు తిరిగాం, నువ్వు సూదులు వేశావు, నేను పేర్లు రాశాను. "అదివ్వు", "ఇది పట్టు", "పడవ కదులుతోంది, కూర్చో". ఇంతకు మించి మనం ఏం మాట్లాడుకోలేదు. మూడో రోజు చొక్కాలు ఆరేశావు. ఒక కొస నేను పట్టుకుని పిండాను. అప్పుడు చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. మనకి కాగితం మీదే నోరు వస్తుందేమో.

కబుర్లు ముందు. పదకొండు ఎర్రదీపాల కాగితం, నీ సోమవారం కాగితాలు, రెండూ ఇంజనీరుగారి బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కటే తిప్పి చూశారు. "ఈ దగ్గు రెండు నెలలు ఆలస్యంగా తెలిసుంటే?" అన్నారు. "బెయావిస్తా మనకి తెలిసేదే కాదు" అన్నాను. పంతొమ్మిది గదులకీ సీళ్ళు తీసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. రోజూ వాడాలి, ప్రతి మూడు నెలలకీ మెకానిక్ రావాలి, పాడైంది మార్చాలి. పెద్ద గడియకి వేరేగా కొంత నిల్వ ఇక్కడ గోదాములో ఉంటుంది, అది కూడా తిప్పుతూ వాడతారు. నీ ఉద్యోగం పోదు. నీ ఫైల్లో హెచ్చరిక మాత్రం ఉంటుంది, తీయించలేకపోయాను. నన్ను వెనక షెడ్డులోకి మార్చారు. గడువు దాటిన మందులు ఏరుతున్నాను. బాధ లేదు, అక్కడ ఎవరూ నవ్వరు.

ఇప్పుడు అసలుది.

ఆ పొద్దున అన్నయ్య చెయ్యి నేను పట్టుకోలేదు. నేను ఇంట్లోనే లేను. నాలుగింటికి వెళ్ళి సిలిండరు వరసలో నిలబడ్డాను. "పోకే, ఇక్కడే కూర్చో" అన్నాడు. "అరగంటలో వస్తా" అన్నాను. పదకొండింటికి దొరికింది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. తలుపు తీసేసరికి కుర్చీలో అలాగే ఉన్నాడు, కిటికీ వైపు తిరిగి, ఒక్కడే. నిండు సిలిండరు. మూత కూడా తియ్యలేదు. పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను, వాళ్ళ నాన్న బతికాడు.

నీకు చెప్పలేకపోయాను. చెయ్యి పట్టుకున్నానని రాశాను. ఒకసారి రాశాక ప్రతి ఉత్తరంలోనూ రాయాల్సి వచ్చింది. నిండుగా, ముట్టుకోకుండా, వేళకి ముందే ఇంట్లో ఉండే సిలిండరు ఒకటి ఉండాలని అప్పట్నుంచీ నా పిచ్చి. ఆ పిచ్చిని నియమంగా రాసి నీ గుమ్మానికి కట్టాను.

జవాబు రాయకపోయినా సరే.

ఓతీలియా

*

సాంతా రూఫీనా,
నవంబరు 12

ఓతీలియా,

నీ ఉత్తరం వచ్చి పదమూడు రోజులైంది. ఒక లాంచీని కావాలనే పోనిచ్చాను.

నాకు తెలుసులే అని రాస్తే నీ మనసు తేలికవుతుంది. నాకు తెలియదు. ఆ చేతిని పట్టుకునే మూడేళ్ళు బతికాను. ఆయన భయపడి ఉంటాడా అనుకున్నప్పుడల్లా, లేదు, చెల్లెలు ఉంది కదా అని సర్దుకునేదాన్ని. చదివాక రెండు రోజులు నీమీద మండిపోయాను. మూడో రోజు పడవలో వెళుతుంటే తోచింది. ఆయన కుర్చీలో, నువ్వు వరసలో, నేను ఇక్కడ రేడియో ముందు. ఆ పొద్దున ముగ్గురం ఒక్కొక్కళ్ళమే ఉన్నాం. ఎవరి చెయ్యీ ఎవరి చేతిలోనూ లేదు. ఇందులో నిన్ను ఏమని తిట్టను?

నువ్వు అక్కడే కూర్చుని ఉంటే, వరసలోకి ఎందుకు వెళ్ళలేదని నేను అడిగి ఉండేదాన్ని. అడిగే ఉండేదాన్ని, నా సంగతి నాకు తెలుసు.

దగ్గు ఆగింది. మొత్తం ముప్ఫై ఒక్కమంది పిల్లలు. ముప్ఫైమంది బాగున్నారు. బెయావిస్తాలో ఒక నెలల బిడ్డ మనం వెళ్ళకముందే పోయిందట, తర్వాత చెప్పారు. కొత్త బ్యాటరీలు వచ్చాయి. మెకానిక్ నాకు విప్పి బిగించడం నేర్పించి వెళ్ళాడు. నిన్న ఆ గదిలో ఒక కాన్పు అయింది, బల్బుల వెలుగులో. నా పళ్ళకి విశ్రాంతి.

రోసౌరా మే నెల తర్వాత నా గుమ్మం తొక్కలేదు. ఇల్లిల్లూ తిరిగేటప్పుడు వాళ్ళ ఇంటికీ వెళతాను, తలుపు వేసుకుంటుంది. మనిద్దరం పడవలో వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో టీకా వెయ్యకుండా మిగిలిపోయిన పేరు ఒకటి ఉంది, గుర్తుందా, ఆమె చెల్లెలి బిడ్డది. ఎందుకు మిగిలిందో అప్పుడు నీకు చెప్పలేదు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. ఒంటరిగా, తనే తెడ్డు వేసుకుంటూ. జ్వరం. లోపలికి రమ్మన్నాను. రాలేదు. గది తలుపు తీసి ఉంది, లోపల మిషను చప్పుడు వినబడుతోంది, ఎవరో ముసలాయన ఆక్సిజన్ పెట్టించుకుంటున్నాడు. ఆ చప్పుడు వింటూ బయట బల్ల మీద కూర్చుంది. నేనూ బయటికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. వేలికి మీటరు తగిలించాను. రక్తం చుక్క తీసి చూశాను, మలేరియా. బిళ్ళలు ఇచ్చి ఎలా వేసుకోవాలో చెప్పాను. తలూపింది. పడవ ఎక్కే ముందు ఒక్క మాట అంది. "చెల్లెలి బిడ్డని సోమవారం తెస్తాను. ఉంటావుగా?"

"ఉంటాను" అన్నాను.

రేపే సోమవారం. పొద్దున్నుంచీ గట్టు మీదకి నాలుగుసార్లు వెళ్ళి వచ్చాను, ఇవాళ ఆదివారమని తెలిసి కూడా.

నీ వదిన
దెల్మీరా